చేతులు కనిపించే కెమెరా

చంద్రపూర్ పక్కన, బొగ్గుగనుల దుర్గాపూర్ కాలనీ మలుపులో ఉన్న రోజీ దుకాణానికి రిపేరు పని మీద వచ్చినవాళ్లు గడపలో నిలబడి మొదట అడిగే మాట ఒకటే. "సార్ లేడా?"

"సార్ ఎవ్వరు లేరు. నేనే చేస్త. ఏమైందో చెప్పుండ్రి," అనేది రోజీ.

కొందరు నమ్మి కంప్యూటర్ డబ్బాను బల్ల మీద పెట్టేవాళ్లు. కొందరు దాన్ని మళ్లీ చంకన పెట్టుకుని, నవ్వీ నవ్వనట్టు నవ్వి వెళ్లిపోయేవాళ్లు. వెళ్లిపోయినవాళ్లలో సగం మంది నాలుగు రోజులకు అదే డబ్బాతో తిరిగొచ్చేవాళ్లు. అప్పుడు రోజీ ఏమీ గుర్తుచేసేది కాదు. స్క్రూడ్రైవర్ తీసుకుని పని మొదలుపెట్టేది.

అది 2006. రోజీకి ఇరవై తొమ్మిదేళ్లు. ఆమె తండ్రి అబ్బయ్య లాల్‌పేట్ గనిలో ముప్పై ఏళ్లు దీపాల గదిలో పనిచేశాడు. కిందికి దిగే కార్మికుల టోపీలకు పెట్టే దీపాలను చార్జి చేయడం, చెడిపోయిన వాటిని బాగుచేయడం, షిఫ్టు మారినప్పుడల్లా అందరికీ అందించడం ఆయన పని. చిన్నప్పుడు రోజీ అన్నం డబ్బా పట్టుకుని ఆ గదికి వెళ్లినప్పుడు, విప్పి పెట్టిన దీపాల పక్కన కూర్చుని చూసేది. చదువంతా మరాఠీ మీడియంలో సాగింది. తెలుగు ఇంట్లో మాట్లాడేది, చర్చిలో పాడేది. చదవాలంటే మాత్రం ఇప్పటికీ అక్షరాల కింద వేలు పెట్టుకోవాల్సిందే. కంప్యూటర్ కోర్సు చేసి, చంద్రపూర్‌లో ఒక శిక్షణ సంస్థలో నాలుగేళ్లు పాఠాలు చెప్పింది. అది మూతపడ్డప్పుడు అక్కడి పాత కంప్యూటర్లు రెండు తెచ్చుకుని ఈ దుకాణం తెరిచింది. టైపింగ్, జిరాక్స్, ఫారాలు నింపడం, ఇంటర్నెట్, రిపేరు. రిటైరైన అబ్బయ్య పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఆ పాత సామానుతో పాటు ఒక అట్టపెట్టె కూడా వచ్చింది. అందులో కోడిగుడ్డంత గుండ్రటి వెబ్‌క్యామ్, దాన్ని నిలబెట్టే చిన్న స్టాండు, సన్నని తీగ, ఒక సీడీ ఉన్నాయి. పెట్టె మీద ఒక అమ్మాయి చెయ్యి ఊపుతున్న బొమ్మ. రోజీ దాన్ని రెండుసార్లు తగిలించి చూసింది. రెండుసార్లూ పనిచేయలేదు. చేతిలో వేరే పనులుండటంతో పై అరలో పెట్టి మరిచిపోయింది.

వానలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం సారక్క కూతుర్ని వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. సారక్క వాళ్లది రాజురా వైపు పల్లె. భర్త ఎర్రయ్య ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు కాబట్టి కాలనీలో క్వార్టర్ ఇచ్చారు.

"మేడం, గీ ఫారం నింపాలె," అంది సారక్క. "మా బిడ్డకు సర్టిఫికెట్ కావాల్నంట. పిల్లకు ఇనవడది. మాటలు రావు."

"పేరేంది?" అని రోజీ సారక్కను అడిగింది.

పక్కనున్న అమ్మాయి బల్ల మీద వేళ్లతో తట్టింది. రోజీ తల తిప్పేసరికి పెన్ను అందుకుని, ఫారం మీద చక్కటి మరాఠీ అక్షరాలతో తన పేరు తనే రాసింది. ప్రతిభ. ఆ తర్వాత పుట్టిన తేదీ, తండ్రి పేరు, చదువు కూడా రాసింది. రోజీకి కొంచెం సిగ్గేసింది. ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి పక్కవాళ్లను అడిగితే ఎలా ఉంటుందో ఆమెకు తెలియనిది కాదు.

జిరాక్స్ అవుతుండగా ప్రతిభ దుకాణమంతా కలయజూసింది. పై అరలోని అట్టపెట్టె మీద చూపు ఆగింది. మునివేళ్ల మీద లేచి దాన్ని దించింది. చెయ్యి ఊపుతున్న అమ్మాయి బొమ్మను చాలాసేపు చూసి, చిత్తు కాగితం మీద మరాఠీలో ఒక ప్రశ్న రాసి రోజీ ముందుకు తోసింది.

‘ఇందులో చేతులు కనిపిస్తాయా?’

రోజీకి అర్థం కాలేదు. ‘అవతలి వాళ్ల మొహం కనిపిస్తుంది’ అని రాసింది. ప్రతిభ తల అడ్డంగా ఊపి, చేతులు అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

సారక్క విడమరిచి చెప్పింది. ప్రతిభ ఎనిమిదేళ్లు నాగ్‌పూర్‌లో వినపడని పిల్లల హాస్టల్‌లో ఉండి చదువుకుంది. అక్కడ వైశాలి అనే పిల్లతో ప్రాణస్నేహం. చదువు అయిపోయాక ప్రతిభ ఇంటికి వచ్చేసింది. వైశాలి పెళ్లై పుణె వెళ్లింది. ఇద్దరూ కలుసుకుని నాలుగేళ్లయింది.

"చేతులతోని మాట్లాడుకుంటరు మేడం వాళ్లు. పెద్ద బడిల గదే నేర్పిండ్రు. ఉత్తరాలు రాస్తది గని, రెండు ముక్కలు రాసి పెన్ను కింద పెడ్తది. ఫోన్లు ఊరంత అచ్చినయ్. గీమెకు ఏం పనికొస్తయ్?"

రోజీ వీధిలోకి చూసింది. ఎదురుగా ఒక ఎస్టీడీ బూత్, సందు చివర ఇంకొకటి. కాలనీలో సగం మంది చేతుల్లో మొబైళ్లు. ఇన్నిటి మధ్య ఈ పిల్ల మాట్లాడగలిగే ఫోను ఒక్కటీ లేదన్న సంగతి ఆమెకు అంతవరకూ తట్టలేదు. కాగితం తీసుకుని రాసింది: ‘ఒక వారం ఇవ్వు.’

ఆ మరుసటి రోజు నుంచి రోజీ వెబ్‌క్యామ్ వెంట పడింది. కెమెరా తగిలించగానే కంప్యూటర్ ఏదో వస్తువు దొరికిందని చెప్పేది, తర్వాత దాని పేరు పక్కన పసుపు గుర్తు పెట్టి ఊరుకునేది. కెమెరాకూ కంప్యూటర్‌కూ మాట కలిపే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంటుంది, దాన్ని డ్రైవర్ అంటారు. సీడీలో ఉన్న డ్రైవర్ పాతకాలపు విండోస్ కోసం రాసింది. కొత్తది కావాలంటే కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేరే లేదు. ఒక రోజంతా వెతికితే, ఎక్కడో ఎవరో అదే కెమెరాతో తిప్పలు పడి, చివరికి దొరికిన డ్రైవర్‌ను తనలాంటి వాళ్ల కోసం నెట్‌లో పెట్టి ఉంచారు. రోజీ దాన్ని దించుకుంది. అయినా పసుపు గుర్తు పోలేదు.

"ఏమంటది?" అన్నాడు అబ్బయ్య గుమ్మం దగ్గర నుంచి.

"ఏమనది బాపు. గదే బాధ. ఏదన్న అంటే పట్టుకుందును."

"కాయితం సదివినవా?"

పెట్టె అడుగున ఇంగ్లీషులో చిన్న పుస్తకం ఉంది. రోజీ దాన్ని ముందే తిరగేసింది కానీ బొమ్మలు చూసి వదిలేసింది. ఇప్పుడు మొదటి నుంచి చదివితే నాలుగో పేజీలో సన్నని అక్షరాల్లో ఉంది: ముందు ప్రోగ్రాం ఎక్కించాలి, ఆ తర్వాతే కెమెరా తగిలించాలి. ఆమె ప్రతిసారీ ముందు కెమెరానే తగిలిస్తోంది. కంప్యూటర్ తనకు తోచిన డ్రైవర్‌ను దానికి అంటగట్టి, తర్వాత సరైనది వచ్చినా తీసుకోవడం లేదు. రోజీ పాతవన్నీ ఏరి తీసేసింది. కంప్యూటర్ ఆపి, మళ్లీ వేసి, కొత్త డ్రైవర్ ఎక్కించి, అప్పుడు తీగ గుచ్చింది.

స్క్రీన్ మీద చిన్న కిటికీ తెరుచుకుంది. అందులో అబ్బయ్య కుర్చీతో సహా తలకిందులుగా ఉన్నాడు.

ఆయన లేచి వచ్చి చూసుకున్నాడు. "నన్నేంది గిట్ల గబ్బిలం లెక్క ఏలాడదీసినవ్?"

రోజీ నవ్వుతూనే సెట్టింగుల్లో ఒక గడిలో టిక్కు పెట్టింది. అబ్బయ్య నిటారుగా కూర్చున్నాడు.

ఇంకో చిక్కు మిగిలింది. పుణెతో మాట్లాడాలంటే మెసెంజర్ అనే చాటింగ్ ప్రోగ్రాంలోంచి కెమెరా తెరవాలి. అక్కడ తెరిస్తే నల్లటి పలక తప్ప ఏమీ రాదు. దీనికి ఒక పూట పట్టింది. కెమెరాతో వచ్చిన సొంత ప్రోగ్రాం ఒకటి కంప్యూటర్ వేయగానే తనంతట తాను లేచి, కెమెరాను పట్టుకుని కూర్చుంటోంది. ఒకరు పట్టుకుంటే ఇంకొకరికి అందదు. అది లేవకుండా చేసేసరికి మెసెంజర్‌లో బొమ్మ వచ్చింది. ప్రతిభ తండ్రి మొబైల్ నుంచి వైశాలికి మెసేజ్ పంపింది. బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు వైశాలి పుణెలో వాళ్లింటి దగ్గరి నెట్ కెఫేకి వచ్చేట్టు ఒప్పందం కుదిరింది.

ఆ బుధవారం ప్రతిభ పెద్ద పెద్ద పూల చుడీదార్ వేసుకుని రెండున్నరకే వచ్చి కూర్చుంది. వెనకే సారక్క. మూడు దాటాక స్క్రీన్ మీద వైశాలి మొహం కనపడింది. ప్రతిభ కుర్చీలోంచి సగం లేచింది. అవతల వైశాలి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ ఇద్దరినీ చూసి రోజీ సారక్క వైపు తిరిగి నవ్వింది. వారం శ్రమ ఫలించిందనుకుంది.

ప్రతిభ చేతులు కదిలాయి. అవతల వైశాలి కనుబొమలు ముడిపడ్డాయి. వైశాలి చేతులు కదిలాయి. స్క్రీన్ మీద ఆమె చేతులున్న చోట బూడిద రంగు మరకలు లేచాయి. వేళ్లు లేవు. మరక ఒకచోట ఆగిపోయి, తర్వాత ఒక్కసారిగా ఇంకోచోట తేలేది. ప్రతిభ మళ్లీ చెప్పింది, నెమ్మదిగా చెప్పింది, ఒక్కొక్క సైగకూ ఆగి చెప్పింది. పది నిమిషాలకు ఇద్దరూ అలసిపోయి కింది గడిలో టైపు చేసుకున్నారు. బాగున్నావా అని ఒకరు, బాగున్నాను అని ఒకరు. అంతకంటే వాళ్లకు ఉత్తరాల్లోనే ఎక్కువ నడిచేది. చివరికి వైశాలి చేయి ఊపి లేచి వెళ్లిపోయింది.

ప్రతిభ కాగితం మీద రెండు మాటలు రాసి, పెన్ను దాని మీద అడ్డంగా పెట్టి బయటికి నడిచింది. ‘చేతులు కనిపించవు.’

"పోనీ బిడ్డా," అంది సారక్క రోజీ చేయి పట్టుకుని. "మొకమన్న సూసుకున్నరు."

ఆ ఓదార్పు రోజీకి ఇంకా బాధ కలిగించింది. ప్రతిభ మొదటి రోజే సూటిగా అడిగింది. తను మొహం కనపడితే చాలనుకుని పని అయిపోయిందనుకుంది. అసలు అడిగింది ఏమిటో వినలేదు.

రెండు రోజులు తన చేతులనే కెమెరా ముందు ఆడించి చూసుకుంది. సైగలు తెలియని చేతులు ఎంత ఆడించినా ఏది సరిపోతుందో, ఏది సరిపోదో తెలియలేదు. మూడో రోజు దుకాణం తండ్రికి అప్పగించి సారక్క వాళ్ల క్వార్టర్‌కు వెళ్లింది. ప్రతిభ మిషన్ మీద జాకెట్లు కుడుతోంది. రోజీని చూసి కుట్టు ఆపలేదు. రోజీ కాగితం మీద రాసి మిషన్ పలక మీద పెట్టింది: ‘నీ చేతులు లేకపోతే ఈ పని నాకు రాదు. ఏది కనిపిస్తోందో ఏది కనిపించడం లేదో నువ్వే చెప్పాలి.’

ప్రతిభ అది రెండుసార్లు చదివింది. దారం తెంపి, చెప్పులు వేసుకుంది.

అప్పటినుంచి రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరూ కెమెరా ముందు కూర్చునేవాళ్లు. ప్రతిభ అక్షరాలను వేళ్లతో చూపించేది. స్క్రీన్ మీద స్పష్టంగా వచ్చిన వాటికి తల ఊపేది, చెదిరిపోయిన వాటికి పెదవి విరిచేది. స్క్రీన్ మీది కిటికీ కింద ఒక అంకె కనపడేది. ఒక సెకనులో కెమెరా ఎన్ని బొమ్మలు తీస్తోందో అది చెబుతుంది. ఎప్పుడు చూసినా అయిదు.

అబ్బయ్య రెండు రోజులు వెనక నిలబడి చూశాడు. "గీ మూలకు ఎలుతురు సాలదు బిడ్డా," అన్నాడు.

"ట్యూబ్‌లైట్ ఉన్నది గద బాపు."

"మన కండ్లకు సాలుతది. గంత చిన్న కన్నుకు సాల్తదా? ఎలుతురు తక్కువుంటే అది ఎక్కువసేపు చూస్తుండాలె. మొకం కదలదు గనక ఆగుతది. చేతులు ఆగుతయా?"

ముగ్గురూ కలిసి బల్లను గుమ్మం దగ్గరికి జరిపారు. ఆ పూట వాన తెరిపిచ్చింది. పగటి వెలుగు ప్రతిభ మీద పడగానే అయిదు అంకె తొమ్మిదైంది, పన్నెండైంది, పదిహేను దగ్గర నిలిచింది. ప్రతిభ చేయి ఆడించింది. అయిదు వేళ్లూ అయిదుగా కనపడ్డాయి. ఆమె అబ్బయ్య వైపు తిరిగి గడ్డం దగ్గర నుంచి చేయి ముందుకు చాపింది. అది కృతజ్ఞత చెప్పడమని ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలిసిపోయింది. ఆయనా అలాగే చేయి చాపాడు.

మర్నాడు ప్రతిభ పూల బట్టలు మానేసి ముదురు నీలం రంగు చుడీదార్ వేసుకొచ్చింది. వెనక గోడకు సారక్క పూలూ గీతలూ లేని పాత దుప్పటి ఒకటి కట్టింది. పువ్వుల మీద వేళ్లు కలిసిపోతున్నాయని ప్రతిభకు తోచింది. అది నిజమే.

మళ్లీ బుధవారం వచ్చింది. దుకాణంలో ఇదివరకటికంటే బొమ్మ ఎంతో మెరుగ్గా ఉంది. కానీ పుణె చేరేసరికి నాలుగు సైగలు వెళ్లి, అయిదోది ఆగిపోయేది. వైశాలి అర్థమైనంత వరకు తల ఊపి, తర్వాత చేయి చాచి ఆగమనేది. రోజీ పక్కన నిలబడి, ఫోను తీగ నుంచి మోడెం దాకా ఒక్కొక్కటే తడుముకుంటోంది. స్పీకర్లోంచి పుణె కెఫేలోని గోల వినిపిస్తోంది. ఎవరో నవ్వుతున్నారు, బయట ఆటో హారన్, ఎక్కడో టీవీ. ఇవతల నుంచి దుకాణంలో తిరిగే ఫ్యాను చప్పుడు అటు పోతోంది.

ప్రతిభ రోజీ మోచేయి పట్టి లాగింది. స్క్రీన్ మూలన పచ్చటి గీత ఒకటి ఆగకుండా పైకీ కిందికీ ఎగురుతోంది. అదేమిటని వేలు పెట్టి చూపింది.

‘ఆవాజ్,’ అని రాసింది రోజీ. ‘ఇక్కడి చప్పుడు అక్కడికి వెళ్తోంది.’

ప్రతిభ ఆ కాగితం చూసింది. రోజీ మొహం చూసింది. ఆ కాగితం మీదే ఒక్క మాట రాసింది.

‘ఎవరికి?’

రోజీ ఆ మాట మళ్లీ చదివింది. ఫోను తీగ అనే ఇరుకు దారిలో ఒకేసారి రెండు బండ్లు పోతున్నాయి. చేతుల బొమ్మ ఒకటి, చప్పుడు ఒకటి. చప్పుడు ముందు పోవాలని మెసెంజర్ దానికి దారి ఇచ్చి, బొమ్మను ఆపుతోంది. మాట అంటే చెవికి వినపడేదేనని ఆ ప్రోగ్రాం రాసినవాళ్లు అనుకున్నారు. తనూ అదే అనుకుంది. అటువైపు కూర్చున్న మనిషికీ, ఇటువైపు కూర్చున్న మనిషికీ అక్కర్లేని ఫ్యాను చప్పుడును రెండు బుధవారాలుగా పుణెకు మోస్తోంది.

ఆమె వెంటనే ఇవతల మైకు ఆపేసింది. ఎదురు బూత్‌కు పరుగెత్తి, వైశాలి మెసేజ్‌లో పంపిన కెఫే నంబరుకు ఫోన్ చేసింది. కెఫే యజమాని మరాఠీలో విసుగ్గా పలికాడు. మీ దగ్గర కెమెరా ముందు కూర్చున్న అమ్మాయి కంప్యూటర్‌లో ఆవాజ్ ఆపాలనీ, బొమ్మ కిటికీని చిన్నది చేయాలనీ, వీలైతే ఆమెను కిటికీ పక్క మిషన్‌కు మార్చాలనీ రోజీ చెప్పింది.

"ఆవాజ్ ఆపేస్తే ఇక మాట్లాడేదేముంది అక్కా?" అన్నాడాయన.

"ఆమె చేతులతో మాట్లాడుతుంది అన్నా. ఒకసారి చూడండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "నేను ఇంతసేపూ ఊరికే కూర్చుందనుకున్నాను," అన్నాడు, ఈసారి గొంతు మారింది. "ఉండండి, మారుస్తాను."

రోజీ తిరిగి వచ్చేసరికి స్పీకర్లు మూగబోయాయి. స్క్రీన్ మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద బొమ్మలో వైశాలి కూర్చుని ఉంది. ఆమె చేయి లేచింది. బొటనవేలు, చిటికెనవేలు, మణికట్టు మలుపు, అన్నీ ఒకదాని వెంట ఒకటి తెగకుండా వచ్చాయి. ప్రతిభ ఒక్క క్షణం కదలకుండా చూసింది. ఆ తర్వాత ఆమె చేతులు మొదలయ్యాయి.

నాలుగేళ్లుగా మూటగట్టి ఉంచిన మాటలు అన్నీ ఒకేసారి బయటపడ్డట్టున్నాయి. చేతులు, కనుబొమలు, భుజాలు, బుగ్గలు అన్నీ మాట్లాడుతున్నాయి. ఎవరినో వెక్కిరించింది, పొట్ట నొప్పి పుట్టేలా నవ్వింది, వేలు చూపించి బెదిరించింది, ఒకసారి కళ్లు తుడుచుకుంది, మళ్లీ అంతలోనే ఏదో గుర్తొచ్చి బల్ల చరిచింది. సైకిల్ మీద పోయేవాడొకడు దుకాణం ముందు ఆగి చూశాడు. టైపింగ్ కోసం వచ్చిన ఇద్దరు గోడ పక్కన నిలబడిపోయారు. దుకాణంలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు.

సారక్క స్టూలు మీద కూర్చుని కూతురు వంక చూస్తోంది.

"నా బిడ్డ గింత మాట్లాడ్తదా?" అంది మెల్లగా.

రోజీ ఇంకో స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చుంది.

"హాస్టల్‌కెళ్లి అచ్చిన కాడ్నుంచి ఇంట్ల మేం మాట్లాడింది ఏంది? తిను, రా, పండుకో. గంతే. నోట్ల నాలుక లేని పిల్ల, నెమ్మదస్తురాలు అనుకున్నం. చుట్టాలకు గట్లనే చెప్పుకున్నం." కూతురి చేతుల వైపు చూస్తూనే అంది. "నెమ్మదస్తురాలు కాదు బిడ్డా గిది. మేం ఇంటలేం. గంతే."

స్క్రీన్ మీద వైశాలి లేచి నిలబడింది. పక్కకు తిరిగి, కడుపు మీద చేత్తో గుండ్రంగా చూపించి, తర్వాత వేళ్లు ఏడు చాపింది. ప్రతిభ రెండు చేతులూ పైకెత్తింది.

సారక్క స్టూలు మీద నుంచి లేచింది. "ఏడో నెలనా?" అంది. తర్వాత తనకు తానే నమ్మలేనట్టు రోజీ వైపు తిరిగింది. "గది నాకు సమజైంది."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేటప్పుడు సారక్క దారిలో కనపడినవన్నీ చూపిస్తూ పోయింది. వేపచెట్టు, మేక, గొడుగు, వాన. ఒక్కొక్కదానికి ప్రతిభ చేత్తో చెప్పేది, సారక్క తన మొరటు వేళ్లతో అలాగే చేసేది. తప్పు చేస్తే ప్రతిభ వేళ్లు పట్టుకుని సరిచేసేది. రోజీ గుమ్మంలో నిలబడి ఆ ఇద్దరూ మలుపు తిరిగేదాకా చూసింది. తిరిగి లోపలికి వచ్చి, కెమెరా ఎలా తగిలించాలో, ఏది ఆపాలో, ఏది చిన్నది చేయాలో, ఎక్కడ కూర్చోవాలో మరాఠీలో వరుసగా రాసి గోడకు అంటించింది.

ఆ కాగితం అవసరం తొందరలోనే పడింది. ప్రతిభ చెప్పగా బల్లార్‌పూర్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వాళ్ల మేనమామ నాందేడ్‌లో ఉంటాడు, ఆయనకూ వినపడదు. బామ్ని నుంచి ఎల్లేష్ అనే వినపడని వడ్రంగి వచ్చాడు. బుధవారాలు దుకాణం నిండిపోయేది. పది మంది కూర్చున్నా నిశ్శబ్దంగా ఉండేది. మొదట్లో రోజీకి అది పాఠశాలలో పరీక్ష గదిలా అనిపించేది. సైగలు కొంచెం కొంచెం వంటబట్టాక ఆ నిశ్శబ్దంలో ఎంత గోల ఉందో తెలిసింది. ఒక మూల క్రికెట్, ఒక మూల పెళ్లి సంబంధాలు, ఒక మూల కొట్లాట. పుణె కెఫే యజమాని కూడా ఊరుకోలేదు. బుధవారం మధ్యాహ్నం కిటికీ పక్క మిషన్ వైశాలికే వదిలేసేవాడు. వైశాలికి ఆడపిల్ల పుట్టినప్పుడు, ఇరవై రోజుల పసిగుడ్డును ఎత్తుకొచ్చి కెమెరాకు చూపించింది. దుర్గాపూర్‌లో సారక్క దిష్టి తీసి మెటికలు విరిచింది. స్పీకర్లు ఆపి ఉన్నాయి కాబట్టి పిల్ల ఏడుస్తోందని నోరు చూసి తెలుసుకున్నారు.

ఆ వానాకాలం పోయాక ప్రతిభ కుట్టుమిషన్‌కు కొంచెం విరామం ఇచ్చి రోజీ దగ్గర మరాఠీ టైపింగ్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఏడాదికి రోజీ కంటే వేగంగా కొట్టేది. ఇద్దరూ కలిసి దుకాణం నడిపారు. కొత్తవాళ్లు వచ్చి ప్రతిభతో మాట్లాడబోతే, ఆమె కాగితం, పెన్ను చేతికిచ్చి కుర్చీ చూపేది. ప్రతిభ ఎల్లేష్‌ను చేసుకుంటానన్నప్పుడు ఎర్రయ్య నెల రోజులు ఒప్పుకోలేదు. సారక్క ఒప్పించింది. ఆ నెలంతా ఇంట్లో తల్లీకూతుళ్లు చేతులతో మాట్లాడుకుంటుంటే, ఏమీ అర్థంకాని ఎర్రయ్య చివరికి రోజీ దగ్గరికి వచ్చి, "నాకు గూడ గా భాష నేర్పు బిడ్డా, నన్ను ఏమంటున్నరో తెల్వాలె," అన్నాడు.

అబ్బయ్య 2013లో పోయాడు. సమాధి దగ్గర పాస్టర్ తెలుగులో ప్రార్థన చేస్తుంటే, ప్రతిభకూ, ఆమె పక్కన నిలబడిన పదిహేను మందికీ దాన్ని రోజీ చేతులతో చెప్పింది.

తర్వాత కొన్నేళ్లకు ప్రతి మొబైల్‌లోనూ కెమెరా వచ్చింది. బుధవారాలు దుకాణానికి రావాల్సిన పని ఎవరికీ లేకపోయింది. రోడ్డు మీద నడుస్తూ, బస్సులో కూర్చుని, పొయ్యి దగ్గర నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆ మార్పు వల్ల గిరాకీ తగ్గిందని రోజీ ఎప్పుడూ దిగులు పడలేదు. ఎల్లేష్ చెట్టు కింద ఫోను పెట్టుకుని రెండు చేతులతో పెళ్లాంతో వాదించడం చూస్తే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

ఇప్పుడు రోజీకి నలభై ఎనిమిది దాటాయి. దుకాణం అదే మలుపులో ఉంది. శనివారం మధ్యాహ్నాలు జిరాక్స్ మెషిన్‌ను పక్కకు జరిపి, చాపలు పరుస్తారు. వినపడని చిన్న పిల్లలున్న అమ్మలు వస్తారు. ప్రతిభ పాఠం చెబుతుంది. పిల్లలకు కాదు, అమ్మలకు. పిల్లలు ఎలాగూ వాళ్లను చూసి పట్టుకుంటారు. ప్రతిభ పక్కన సారక్క కూర్చుంటుంది. తెల్లబడిన జుట్టు, కీళ్ల నొప్పులు, అయినా చేతులు లేపితే వేళ్లు తిరుగుతాయి.

మొన్న బామ్ని నుంచి దివ్య అనే అమ్మాయి రెండేళ్ల కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. వచ్చిన దగ్గర నుంచి కళ్లనీళ్లు పెట్టుకుంటూనే ఉంది. పిల్ల ఎప్పటికీ మాట్లాడదన్నారని చెప్పింది. ప్రతిభ ఆమె ఎదురుగా కూర్చుని నీళ్లకు సైగ చూపింది. దివ్య చేసింది. పాలకు చూపింది. అన్నానికి, నిద్రకు, అమ్మకు చూపింది. గంట గడిచింది. దివ్య ఒడిలో ఉన్న పిల్ల అప్పటిదాకా చాప దారాలు పీకుతూ కూర్చుంది. ఉన్నట్టుండి సీసా వైపు చూసి, చిన్న చేతిని మూతి దగ్గర పెట్టి నీళ్ల సైగ చేసింది. సరిగ్గా రాలేదు. అయినా నీళ్లే.

దివ్య సీసా మూత తీయడం మరిచిపోయి పిల్లనే చూస్తోంది.

"నీళ్లు పొయ్ ముందుగాల," అంది సారక్క. "అడిగింది గద. ఇయ్యాల్టి నుంచి అడుగుతనే ఉంటది. ఎందుకు, ఎట్ల, ఎప్పుడు అని నిన్ను కూసోనియ్యది. జర ఓపిక తెచ్చుకో."

రోజీ ఆ మాటలను ప్రతిభకు చేతులతో చెప్పింది. ప్రతిభ నవ్వి, తల్లి భుజం మీద ఒక్కటిచ్చి, తర్వాతి మాట చూపించడానికి చేతులు లేపింది.